ఓడ ఎటూ వంగని వేళ

తన గురువు పెట్టిన గీత రెండు మిల్లీమీటర్లు తప్పని లోవరాజుకు ఒక మధ్యాహ్నం మూడు గంటలకు తెలిసింది. తప్పు దొరికినందుకు అతనికి బాధ కలగలేదు. సంతోషం కలిగింది.

విశాఖ తీరంలోని ఒక యార్డులో అప్పుడు యుద్ధనౌక కడుతున్నారు. పొడవు నూట నలభై మీటర్లు. అది ఇంకా నీళ్లు చూడలేదు. దిమ్మెల మీద, ముక్కు ఉత్తరానికి పెట్టి నిలబడి ఉంది.

ఇంజను నుంచి వెనక ప్రొపెల్లర్ దాకా ఓడ అడుగున నలభై మీటర్ల ఉక్కు ఇరుసు ఒకటి పోతుంది. దాన్ని షాఫ్టు అంటారు. అది పోయే దారిలో దళసరి ఉక్కును యంత్రంతో తొలచాలి. ఎటు తొలచాలో ముందు గీత పెట్టాలి. గీత తప్పితే షాఫ్టు అదురుతుంది. అదిరితే చప్పుడవుతుంది. ఆ చప్పుడును నీళ్ల కింద పొంచి ఉన్న శత్రువు జలాంతర్గామి మైళ్ల దూరం నుంచి వింటుంది. ఒకసారి తొలిచిన ఉక్కును తిరిగి ఉన్నచోట పెట్టడం ఎవరివల్లా కాదు.

ఆ గీత పెట్టేది గౌరునాయుడు మేస్త్రి. అరవై రెండేళ్ల మనిషి. రిటైరయ్యాక కూడా యార్డువాళ్లు కబురు పెట్టి పిలిపించుకున్నారు. పన్నెండు ఓడలకు ఆయనే గీత పెట్టాడు. సన్నతీగ లాగి కంటితో చూసే రోజుల్లో పనిలోకి వచ్చి, లేజరు కాంతి దాకా చూశాడు. పనిముట్టు మారింది కాని ఆయన వేళ మారలేదు. ముందురోజు సాయంత్రమే ఓడలో వెల్డింగు ఆపించేవాడు. తెల్లవారుజామున అయిదింటికి గీత పెట్టేవాడు. పొద్దు పొడిచాక పరికరం ముట్టుకునేవాడు కాదు.

డిప్లొమా చదివిన లోవరాజు నాలుగేళ్లుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాడు. ఆ వేళ గురించి ఒకసారి అడిగాడు.

"షాఫ్టు దారి ఓడ అడుగున ఉంది కదా గురువుగారూ. అక్కడికి ఎండే రాదు. లేజరుకి పగలైనా రాత్రైనా ఒకటే. మనం కోడికంటే ముందు లేవడం దేనికి?"

"మా గురువు లేపాడు, నేను లేచాను," అన్నాడు మేస్త్రి. "నీకు నిద్ర సాలకపోతే సెప్పు, మీ ఆవిడతో నేను మాట్లాడతాను."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. లోవరాజు నవ్వలేదు. మేస్త్రికి జవాబు తెలియకనే అలా దాటేశాడని అనుకున్నాడు.

మేస్త్రి గీత పెట్టిన రెండోరోజు మధ్యాహ్నం లోవరాజు ఒక్కడే లేజరు పరికరం దించి, ఇంజను దగ్గర మేస్త్రి పెట్టినచోటే బిగించి, వెలుగు పంపాడు. ఓడ వెనక చివర తెల్ల పలక మీద, గీత చేరాల్సిన చోట, మేస్త్రి వేసిన నల్ల గుర్తు ఉంది. వెలుగు దానిమీద పడలేదు. పడమటికి రెండు మిల్లీమీటర్ల అవతల పడింది. మూడుసార్లు చూశాడు. మూడుసార్లూ అక్కడే పడింది. అక్కడ ఎర్రగా తన గుర్తు వేశాడు.

మేస్త్రి వంద అడుగుల దూరంలో షెడ్డు కింద టీ తాగుతున్నాడు. లోవరాజు ఆయన దగ్గరకు వెళ్లలేదు. నేరుగా ఇంజనీరు హైమావతి ఆఫీసుకు వెళ్లాడు. తర్వాతి ఓడకు గీత బాధ్యత ఎవరికివ్వాలో ఆమే రాయాలి. లోవరాజు మనసులో ఆ కాగితం ఉంది, దానిమీద తన పేరు ఉంది.

హైమావతి మేస్త్రిని పిలిపించింది.

"నాయుడుగారూ, రేపు ఎనిమిదింటికి తొలవడం మొదలు. మీ గుర్తు ఒకచోట ఉంది, లోవరాజు గుర్తు ఇంకోచోట ఉంది. నేను దేని మీద సంతకం పెట్టాలి?"

మేస్త్రి శిష్యుడి వైపు చూశాడు. లోవరాజు ఇంజనీరు వైపే చూస్తూ చెప్పాడు.

"గురువుగారిని తప్పుపట్టడం కాదు మేడం. ఆరు నెలల కిందట ఆయనకి కంటి ఆపరేషన్ అయింది. అందుకని..."

హైమావతి మేస్త్రి కళ్లజోడు వైపు చూసింది.

"రెండు కళ్లకీ అయిందమ్మా," అన్నాడు మేస్త్రి. "సెప్పేటప్పుడు లెక్క సరిగ్గా సెప్పాల కదా."

హైమావతి నవ్వు ఆపుకుంది. మేస్త్రి కుర్చీలోంచి లేచాడు.

"రేపొక్కరోజు పని ఆపించండి. పరికరం మావాడు పెట్టినచోటే ఉండాల. ఆ గదికి తాళం ఏసి, తాళంచెవి వీడికే ఇవ్వండి. నాకొద్దు."

మర్నాడు తెల్లవారుజామున అయిదింటికి లోవరాజు తన జేబులోని తాళంచెవితో గది తీశాడు. పరికరం బిగింపులు చూశాడు. ఏదీ కదల్లేదు. వెలుగు పంపి, వెనక చివరకు నడిచి పలక చూశాడు.

వెలుగు మేస్త్రి నల్ల గుర్తు నడిబొడ్డున ఉంది.

అతను వెనక్కి వెళ్లి బిగింపులు మళ్లీ చూశాడు. పలక దగ్గరకు వచ్చేసరికి మేస్త్రి ఒక స్టూలు, ఒక పెన్సిలు, టిఫిన్ క్యారియరు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"గంటకోసారి ఎలుగు మీద సుక్క పెట్టు. పక్కన టైము రాయి," అని చెప్పి వెళ్లిపోయాడు.

ఎనిమిదింటికి వెలుగు నల్ల గుర్తును వదిలి కాస్త తూర్పుకు జరిగింది. పదింటికి ఇంకా జరిగింది. లోవరాజు చుక్కలు పెట్టాడు. పదకొండింటి నుంచి వెనక్కి రావడం మొదలుపెట్టింది. పన్నెండింటికి నల్ల గుర్తుకు నేరుగా ఎగువన, కాస్త ఎత్తులో ఉంది.

అతను నిచ్చెనలెక్కి ఓడ పైకి వెళ్లాడు. డెక్కు మీద చెయ్యి పెట్టలేకపోయాడు. తూర్పు గోడ ఇంకా సెగలు కక్కుతోంది. పడమటి గోడ చల్లగా ఉంది. మధ్యలో నిలబడి ఆ ముక్కు నుంచి ఈ చివరిదాకా చూశాడు. వేల టన్నుల ఉక్కు. చూపుకు ఎక్కడా కదలిక లేదు.

కిందికి దిగి స్టూలు మీద కూర్చున్నాడు. ఒంటిగంటకు వెలుగు పడమటికి తిరిగింది. రెండింటికి మరికాస్త వెళ్లింది. మూడింటికి అతని ఎర్ర గుర్తులోకి వెళ్లి నిలబడింది.

ఎండ ఎటు ఉంటే చుక్క అటు వెళ్లింది. అడుగున ఎండ రాదు. కాని ఎండ తగిలిన వైపు ఓడ సాగుతోంది. సాగి, మొత్తం ఒళ్లు వంచుతోంది. అది కట్టడం మొదలైన నాటి నుంచి రోజూ అలాగే చేస్తోంది. దానిలోపల నాలుగేళ్లు తిరిగి అతను ఒక్కరోజు కూడా కనిపెట్టలేదు.

మేస్త్రి వచ్చి, చుక్కల వంకర వరుసను కళ్లజోడు పైకెత్తి చూశాడు. క్యారియరు మూత తీసి చూశాడు. అన్నం అలాగే ఉంది.

"గురువుగారూ, రెండు గుర్తులూ నిజమే," అన్నాడు లోవరాజు.

"ఊఁ."

"సముద్రంలోకి పోయాక కూడా ఓడ ఎండలోనే తిరుగుతుంది కదా. అలాంటప్పుడు మీ గుర్తే ఎందుకు పనికొస్తుంది? నాది ఎందుకు పనికిరాదు?"

మేస్త్రి ఈసారి దాటెయ్యలేదు.

"పొద్దున్న ఇటు వంగుద్ది. మధ్యాన్నం అటు వంగుద్ది. ఎటూ వంగనప్పుడు కొలిసి పెడితే, ఎటు వంగినా తట్టుకుంటాది."

లోవరాజు పెన్సిలు స్టూలు మీద పెట్టి అడిగాడు.

"ఈ మాట నేను అడిగినరోజే చెప్పొచ్చు కదా."

"సెప్తే నువ్వు పరీక్షకి రాసుకునేవాడివి."

లోవరాజు ఎవరూ చెప్పకుండానే హైమావతి ఆఫీసుకు వెళ్లాడు. నిన్న తను చెప్పింది తప్పని, అది మేస్త్రి కంటి తప్పు కాదని, తన తొందర అని చెప్పాడు. ఆమె అంతా విని, "రాసివ్వగలరా?" అంది. రాసిచ్చాడు. తర్వాతి ఓడ కాగితం ఆ పక్కనే బల్ల మీద ఉంది. అతను అటు చూడలేదు.

తిరిగి వచ్చేసరికి మేస్త్రి థిన్నరులో ముంచిన గుడ్డతో పలక తుడుస్తున్నాడు. ఎర్ర గుర్తు పోయింది. చుక్కలు పోయాయి. లోవరాజు చూస్తుండగానే నల్ల గుర్తు కూడా పోయింది.

"మీది సరిగ్గా ఉంది కదా గురువుగారూ. ఎందుకు చెరిపేశారు?"

"సరిగ్గా ఉంటే నీదీ అక్కడికే వస్తాది," అన్నాడు మేస్త్రి. గుడ్డ పిండి నూనె డబ్బా మీద ఆరేశాడు. "రేపు అయిదింటికి నువ్వే పెట్టు. నేను రాను."

మర్నాడు అయిదింటికి లోవరాజు ఒక్కడే గుర్తు పెట్టాడు. దానికింద సంతకం అతనిదే. ఎనిమిదింటికి యంత్రం ఉక్కును తొలచడం మొదలుపెట్టింది. ఆ శబ్దం ఆగేదాకా, నాలుగు రోజులపాటు, అతనికి తిండి సరిగ్గా సయించలేదు.

మూడేళ్లు గడిచాయి. ఓడ నీళ్లలోకి దిగింది. ఫిరంగులు, రాడార్లు బిగించుకుంది. సముద్రంలో పరీక్షలన్నీ ముగించుకుని వచ్చింది. ఒక ఉదయం దాన్ని నౌకాదళంలో చేర్చుకునే ఉత్సవం జరిగింది.

జెట్టీ పొడవునా తెల్లటి దుస్తుల్లో నావికులు నిలబడ్డారు. బ్యాండు మోగింది. వెనక భాగాన జెండా ఎగిరింది. యార్డు మనుషులను పందిరి కింద చివరి వరుసల్లో కూర్చోబెట్టారు. మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. లోవరాజు ఆయన పక్కన కూర్చున్నాడు.

నౌక కెప్టెన్ మైకు ముందుకు వచ్చి కృతజ్ఞతలు చెప్పడం మొదలుపెట్టాడు. నమూనా గీసినవారి పేర్లు చదివాడు. యార్డు అధికారుల పేర్లు చదివాడు. హైమావతి పేరు వచ్చినప్పుడు చివరి వరుసలు గట్టిగా చప్పట్లు కొట్టాయి. లోవరాజు కుర్చీ అంచుకు జరిగాడు. కెప్టెన్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. లోవరాజు వెనక్కి వాలాడు.

కెప్టెన్ ఇంకా మైకు దగ్గరే ఉన్నాడు.

"చివరగా ఒక్క మాట. పోయిన నెల ఒక మిట్టమధ్యాహ్నం, మన జలాంతర్గామి ఒకటి నీళ్లకింద ఈ నౌక కోసం కాచుకుని కూర్చుంది. మేం దాని మీదుగా వెళ్లిపోయాం. వాళ్లకి మేం వినపడలేదు. ఇంతకంటే వివరం చెప్పను," అని నవ్వి తన నౌక వైపు తిరిగి సెల్యూట్ చేశాడు.

పందిరంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆ హోరులో మేస్త్రి శిష్యుడి చెవి దగ్గరకు వంగాడు.

"విన్నావేట్రా? నీ పేరు సదివారు."