కుడివైపు తిరగని బండి

మబ్బుగుండ్ల కొండ కింద ఉన్న చిన్న ఊళ్ళో భూపతి అనే రేడియో మెకానిక్ ఉండేవాడు; మంచి పనివాడే గానీ, తప్పు ఎక్కడుందో వెతికి సరిచేయడం కంటే పైపైన సర్దేసి చేతులు దులుపుకోవడం అతనికి అలవాటు. గోడకు చెమ్మ పడితే క్యాలెండరు తగిలించేవాడు. ఎన్ని చోట్ల చెమ్మ ఉందో అన్ని క్యాలెండర్లు.

ఆ కొండ నిండా ఏనుగులంతేసి గుండ్లు. తెల్లవారే వేళ మంచు కమ్మితే కింద నేల కనపడేది కాదు, గుండ్లన్నీ మబ్బు మీద తేలుతున్నట్టే ఉండేవి. ఆదివారం పొద్దున్నే కొందరు రిమోటుతో నడిచే చిన్న బండ్లు తెచ్చి ఆ రాళ్ళ మీద ఎక్కించేవారు. మూరెడు పొడవుండే బండ్లు. పరుగు పందెం కాదది. ఒక్కో చక్రంతో రాయిని తడిమి చూసుకుంటూ, బండి ఊపిరి పీల్చి వదిలినంత నెమ్మదిగా పైకి పోయేది. దాన్ని చూస్తూ కూర్చుంటే పొద్దెక్కిన సంగతి కూడా తెలిసేది కాదు.

భూపతి తన బండిని తానే బిగించుకున్నాడు. ముందు చక్రాలను తిప్పడానికి ఒక బుల్లి మోటారు, దాని పళ్ళ మీద కూర్చునే ఒక మీట ఉంటాయి. మోటారు సరిగ్గా నడిమధ్యలో ఆగినప్పుడు మీటను నిటారుగా తగిలించాలి. భూపతి తొందరలో ఒక పన్ను పక్కకు తగిలించాడు. బండి ఎడమకు లాగింది. మళ్ళీ విప్పాలంటే ఆరు మరలు తీయాలి. ఎవడు తీస్తాడు? రిమోటు మీద ట్రిమ్ అనే బటన్ ఉంది. దాన్ని నొక్కేకొద్దీ చక్రాలు కొంచెం కొంచెం కుడికి జరుగుతాయి. నాలుగుసార్లు నొక్కాడు. బండి నేరుగా పోయింది.

అక్కడికొచ్చే వాళ్ళందరిలో పెద్దావిడ రజియా టీచర్. బడిలో సైన్సు చెప్పి రిటైరైంది. ఆవిడ కళ్ళను మోసం చేయడం కష్టం.

"భూపతీ, నీ బండి ఎడమకు బాగా తిరుగుతా ఉంది, కుడికి సగమే తిరుగుతా ఉంది. చూసుకున్నావా?" అంది.

"నేరుగా పోతా ఉంది కదా టీచర్! కుడికి పోవాలంటే ఎడమ నుంచి చుట్టుకుని వస్తాలే."

"కుడికి తిరిగే సత్తువంతా నేరుగా నిలబడడానికే అయిపోతా ఉంది. ఇంక మలుపుకేం మిగులుతుంది? విప్పి పన్ను మార్చు నాయనా. పది నిమిషాల పని."

"వచ్చే వారం చేస్తా టీచర్."

మూడు నెలలు గడిచినా ఆ వచ్చే వారం రాలేదు.

కార్తీకంలో ఒక ఆదివారం మంచు దట్టంగా పట్టింది. ఆ రోజు కొండ మీదికి భూపతి, టీచర్ మాత్రమే వచ్చారు. కొండ కింద ఉడికించిన వేరుశనక్కాయలు అమ్మే ఓబుళమ్మ ఆయాసపడుతూ వచ్చింది. ఆమె కుక్క బంగారి ముందే పరిగెత్తి, ఒక గుండు కింది సందులో తల దూర్చి మూలిగింది.

"దీని పిల్లలు రెండు లోపలికి పాక్కుంటా పోయినాయి టీచరమ్మా. రాత్రంతా ఒకటే అరుపు. చెయ్యి అందదు, కట్టె అందదు. వాన పడితే కొండ నీళ్ళన్నీ ఈ సందులోకే వస్తాయి. ఎట్లన్నా తీయండమ్మా!" అని ఏడ్చింది.

తూర్పున ఆకాశం నల్లబడుతోంది. టీచర్ బండి వెడల్పు, సందులో పట్టదు. భూపతి బండి పడుతుంది. దాని వెనక ఓబుళమ్మ వెంట తెచ్చిన చిన్న చేట కట్టి, అందులో పాలలో నానబెట్టిన రొట్టె పెట్టారు. చేట వెనక పొడుగాటి తాడు కట్టారు. టీచర్ గుండు పైకెక్కి, రెండు వేళ్ళు పట్టే పగులులోంచి ఫోన్ లైటు వేసి లోపలికి చూసింది.

"నేరుగా రెండు బారలు పోనీ. తర్వాత కుడికి మలుపు, చిన్న మెట్టు. దాని కింద ఉన్నాయి, రెండూ" అంది.

బండి చీకట్లోకి నింపాదిగా పోయింది. లోపల నుంచి పిల్లల గొంతులు సన్నగా వినిపించాయి, ఒకదాని తర్వాత ఒకటి.

"ఇంక కుడికి! కుడికి తిప్పు భూపతీ!"

చక్రాలు సగం తిరిగి ఆగిపోయాయి. బండి ముక్కు రాతికి కొట్టుకుంది. వెనక్కి తీశాడు, ముందుకు నెట్టాడు, మళ్ళీ అదే రాయి. ఎడమ నుంచి చుట్టుకు రావడానికి అక్కడ చోటేదీ? ఒక చినుకు అతని మెడ మీద పడింది.

భూపతి ముఖం పాలిపోయింది. "తప్పు నాదే టీచర్. విప్పుతాను" అని తాడు లాగి బండిని బయటికి తీశాడు. ఒక మర జారి గడ్డిలో పడింది, వెతికి తీసేసరికి వాన పెరిగింది. ట్రిమ్ మధ్యకు తెచ్చాడు, మీట ఊడదీశాడు, ఒక పన్ను మార్చి తగిలించాడు. పది నిమిషాల పని ఇరవై నిమిషాలైంది. ఈలోగా సందు పక్క నుంచి నీళ్ళు లోపలికి ధార కట్టాయి.

ఈసారి మలుపులో బండి తామరాకు మీది నీటిబొట్టులా కుడికి తిరిగింది. మెట్టు దిగింది.

"పిల్ల చేటలోకి ఎక్కింది! లాగు, మెల్లగా లాగు!" టీచర్ అరిచింది.

చేట బయటికొచ్చింది. అందులో ముద్దగా తడిసిన గోధుమరంగు పిల్ల ఒకటే ఉంది.

"ఇంకోటి?" అని అడిగాడు భూపతి.

పై నుంచి టీచర్ ఫోన్ లైటును పగులు మీంచి పక్కకు తీసింది. తర్వాత, "నువ్వు మరలు తీసేటప్పుడే నీళ్ళు దాన్ని లోపలి గుంతలోకి లాక్కుపోయినాయి భూపతీ" అంది.

అతను మళ్ళీ బండిని పంపాడు. మూడుసార్లు పంపాడు. ప్రతిసారీ అది ఎంతో చక్కగా కుడికి తిరిగింది, ప్రతిసారీ ఖాళీ చేటే వచ్చింది. భూపతి రాయి మీద కూలబడి ఏడ్చాడు. ఓబుళమ్మ తన కొంగుతో పిల్లను తుడుస్తూ, "ఒకటన్నా దక్కింది, ఊరుకో నాయనా" అంది. ఆమె నాలుగు తిట్టి ఉంటే అతనికి తేలిగ్గా ఉండేది.

బంగారి తన పిల్లను ముక్కు నుంచి తోక దాకా నాకింది. తర్వాత లేచి వెళ్ళి, మంచులో, ఆ సందు దగ్గర తల వంచి చెవులు రిక్కించి నిలబడింది. ఎంత పిలిచినా రాలేదు.

పిల్లలూ, సర్ది దాచిన తప్పు దారి నేరుగా ఉన్నంతసేపూ కనపడదు, ప్రాణం మీదికొచ్చిన మలుపులోనే బయటపడుతుంది. కాబట్టి తప్పు తెలిసిన రోజే విప్పి సరిచేసుకోవాలి.