మూడో పాదం

"ఇకమీద మిమ్మల్ని ఎవరూ ఏ ప్రశ్నా అడక్కుండా చూసుకుంటాను గురువుగారూ. మీరు దేన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. నేనున్నాను."

కౌండిన్య ఇచ్చిన ఈ మాట ఆ ఏడు చలి మొదలయ్యేదాకా కూడా నిలవలేదు. నిలవకపోవడమే మంచిదైంది.

అతని గురువు విశ్వపతి అవధానిగారికి ఎనభై దగ్గర పడుతోంది. చుట్టూ కూర్చున్నవాళ్లు ఎటుపడితే అటు ప్రశ్నలు విసురుతుంటే, అన్నిటికీ పద్యాల్లో జవాబిచ్చి, చివర్లో ఆ పద్యాలన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పడం ఆయన విద్య. ఆషాఢంలో మార్కాపురం సభలో, జీవితంలో మొదటిసారి, ఒక పద్యం మధ్యలో ఆగిపోయారు. మూడో పాదం రాలేదు.

నిర్వాహకులు గబగబా శాలువా కప్పి చప్పట్లు కొట్టించారు. పెద్దవాళ్ల నోరు మూయించడానికి మన సభలకి తెలిసిన మర్యాద అదొక్కటే.

కౌండిన్య మండిపోయాడు. విశ్రాంతి వృద్ధుల హక్కు అన్నాడు. మేధావిని బొమ్మలా ఆడించే సమాజం సిగ్గుపడాలన్నాడు. ఎక్కడెక్కడో చదివిన మాటలన్నీ అన్నాడు. ఆ మర్నాటి నుంచి గురువుగారి ఇంటికి తనే కాపలా.

అందరికన్నా ముందు మస్తాన్ వలీ మాస్టారిని ఆపేశాడు. స్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన ఆయన, ప్రతి సభలోనూ అవధానిగారి పక్కన కూర్చుని, పొంతనలేని చిలిపి ప్రశ్నలతో ధ్యాస చెదరగొట్టేవాడు. అవధానంలో ఆ పనికి ఒక మనిషి ఉండి తీరాలి. గురువుగారి మెదడు అలసిపోయిందని చెప్పి ఆయన్ని గేటు దగ్గర్నుంచే పంపించేశాడు కౌండిన్య.

నానబెట్టిన బాదంపప్పులు పెట్టాడు. సరస్వతి ఆకు రసం తాగించాడు. గురువుగారు ఏ మాట దగ్గర తడుముకున్నా, ఆ మాట చటుక్కున అందించాడు.

దసరా వెళ్లేసరికి ఆయన, టిఫిన్ తిన్నానా అని అడగడం మొదలుపెట్టారు. ఒక మధ్యాహ్నం శిష్యుడి ముఖంలోకి చాలాసేపు చూశారు.

"నీ పేరు..."

"కౌండిన్య గురువుగారూ."

ఆయన తల దించుకున్నారు. కాపాడదామనుకున్న మనిషి తన కళ్లముందే చేజారిపోతున్నాడని కౌండిన్యకి ఆ క్షణాన తెలిసింది. ఎందుకో మాత్రం తెలియలేదు.

మర్నాడు పొద్దున్న గురువుగారి పక్క ఖాళీగా ఉంది. వీధులన్నీ వెతికి, చివరికి వలీ మాస్టారి అరుగు మీద చూశాడు. గురువుగారు అక్కడ కూర్చుని, మార్కాపురంలో ఆగిపోయిన పద్యమే చెబుతున్నారు. మొదటి పాదం వచ్చింది. రెండోది వచ్చింది. అంతే. నుదురంతా చెమట.

"ఏమండీ అవధానిగారూ, మూడో పాదం బస్సు దిగిపోయిందా? సీట్లో రుమాలు వేసి ఉంచమంటారా?" అన్నాడు వలీ మాస్టారు.

కౌండిన్యకి ఆ పాదం వచ్చు. పరుగున వెళ్లి గురువుగారి పక్కన కూలబడి నోరు తెరిచాడు.

గురువుగారు అటు తిరగకుండానే అతని నోటి మీద అరచెయ్యి పెట్టారు. ఎంతకీ తియ్యలేదు.

గ్లాసుల్లో టీ మీద మీగడ కట్టింది.

చాలాసేపటికి గురువుగారు ఒక పాదం చెప్పారు. ఛందస్సుకి సరిగ్గా సరిపోయింది. వలీ మాస్టారు ఒక్క క్షణం ఆలోచించాడు.

"ఇది ఆ పాదం కాదు కదండీ."

"కాదు. అది దొరకలేదు. వెతుకుతుంటే ఇది దొరికింది."

అప్పుడు చెయ్యి తీసి శిష్యుడివైపు తిరిగారు.

"వెతుక్కోవడం ఒక్కటే మిగిలింది నాయనా నాకు. అదీ నువ్వే చేసిపెడితే ఎలా?"

ఇంటికి వచ్చే దారిలో గురువుగారు మలుపు దగ్గర ఆగి ఎటు వెళ్లాలో ఆలోచిస్తుంటే, కౌండిన్య పక్కనే నిలబడ్డాడు. పెదవి కొరుక్కుంటూ నిలబడ్డాడు.

సాయంత్రం ఆయన ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"నాలుగు మాటలిస్తున్నాను గురువుగారూ. పాదానికొకటి పెట్టి సీతా స్వయంవరం మీద పద్యం చెప్పాలి. పంక్చరు, ట్యూబు, స్పానరు, పంపు."

"దుర్మార్గుడా," అన్నారు గురువుగారు. కళ్లు మెరిశాయి.

"కార్తీక పౌర్ణమికి పద్యం నా చేతిలో ఉండాలి. ఒక్కరోజు కూడా ఆగను."