రావడమే తరువాయి

నల్లగుట్ట కోటనేలే మైలారరాజుకు ఒకటే భయం. శత్రువులంటే కాదు, తనను ఎవరైనా పాతకాలపు రాజు అనుకుంటారేమోనని. అందుకే ప్రతి పౌర్ణమికీ కోటలో యంత్రగోష్ఠి పెట్టించేవాడు. ఊళ్ళోని కమ్మర్లూ, వడ్రంగులూ, రాతిపనివాళ్ళూ ఒకచోట చేరేవారు. కొత్తగా వస్తున్న యంత్రాల గురించి తెలిసినవాడెవడో ఒకడు చెబితే మిగతావాళ్ళు వినేవారు. చివర్లో ఆవపెట్టిన పులిహోర. ఉన్నమాట చెప్పుకోవాలంటే, సగంమంది వచ్చేది ఆ పులిహోరకే.

ఈ తతంగమంతా నడిపేవాడు గుండన. కొలువులో అతని ఉద్యోగం మాట్లాడడం. గోష్ఠినాడు మాత్రం వక్తకు వడ్డించే పని కూడా అతనిదే.

ఆ పౌర్ణమికి యంత్రభాస్కరుడనే పండితుడు దిగాడు. ఆ బిరుదు ఎవరిచ్చారయ్యా అంటే "లోకం" అనేవాడు. లోకంలో ఎవరని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"ప్రభూ, మీ కోటబావి దగ్గర ఇంకా ఎద్దులచేత మోట లాగించి నీళ్ళు తోడిస్తున్నారా?" అని ముక్కు చిట్లించాడు పండితుడు. "పైదేశాల్లో వింటే నవ్విపోతారు."

మైలారరాజు ముఖం మాడిపోయింది.

"ఎద్దుల్లేని మోట రాబోతోంది ప్రభూ! తనంతట తానే తోడుతుంది. ఎంత తోడాలో తానే ఆలోచించుకుంటుంది!"

సభ చప్పట్లతో మారుమోగింది. గుండన పక్కనున్న కమ్మరి బ్రహ్మయ్యను మోచేత్తో పొడిచాడు.

"నీకేమన్నా అర్థమైందా మావా?"

"ముక్క అర్థమైతే ఒట్టు. అందుకేగా గట్టిగా కొట్టింది!"

గుండన లేచి నిలబడ్డాడు. "యంత్రం ఎక్కడుంది స్వామీ?"

"ఆలోచన సిద్ధం. పటం సిద్ధం. యంత్రం రావడమే తరువాయి!"

"ఎప్పుడొస్తుందండీ?"

"కొత్తదాన్ని ఎప్పుడని అడిగేవాడు పాతకాలం మనిషి!"

ఆ మాటతో రాజు సింహాసనం మీంచి ఎగిరిపడ్డాడు. "ఎవరక్కడ? ఆ ఎద్దుల్ని ఈ క్షణమే కోట దాటించండి! వాటి కొట్టం ఇకనుంచి పండితులవారి యంత్రశాల!"

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఈ మాట ఎవరో ఒకరు అనాలి. అనేవాడు గుండనే కాబట్టి అతను నోరు తెరిచాడు.

"ప్రభూ, యంత్రం వచ్చేదాకా నీళ్ళెవరు తోడతారు?"

"అడిగావు గనక నువ్వే! కాడి నీ మెడకు కట్టిస్తాను. యంత్రం వచ్చేదాకా నువ్వే లాగు!"

సభంతా ఘొల్లుమంది. గుండనకు మాత్రం నవ్వు రాలేదు. తాంబూలం పెట్టె కోసం వంగితేనే పట్టేసే నడుము అతనిది. ఆ బావి చూస్తే పాతాళంతో వియ్యమందింది. బయట ఎద్దుల మెడగంటలు కోటగుమ్మం దాటి వెళ్ళిపోతుంటే, తన బతుకు కూడా వాటి వెనకే పోతున్నట్టనిపించింది.

అయినా చేతులు జోడించాడు.

"చిత్తం ప్రభూ. కానీ గోష్ఠి మర్యాద ఉంది. వక్తగారికి వడ్డించి, వారు విస్తరి ముందునుంచి లేచాక కాడి ఎత్తుకుంటాను."

"సరే, కానీ" అన్నాడు రాజు.

గుండన వంటశాలలోకి వెళ్ళి, ఆవ ఇంకో పిడికెడు దట్టించిన పులిహోర తెచ్చాడు. పండితుడి విస్తట్లో కొండలా పోశాడు. పండితుడికి తింటున్నా నోరు ఆగదు కదా.

"ఆ యంత్రం వచ్చిందంటే ప్రభూ..."

అంతే. ఆవ ఘాటు నషాళానికి అంటింది. పొలమారింది. కళ్ళు ఎర్రబడ్డాయి, ముక్కు కారింది, పాండిత్యమంతా దగ్గయిపోయింది.

గుండన ఆదరంగా ఆయన నెత్తిమీద తట్టాడు. "ఎవరో తలుచుకుంటున్నారు స్వామీ!"

"నీ... నీళ్ళు!"

గుండన ఖాళీ చెంబు తెచ్చి ముందు పెట్టాడు.

"చెంబు సిద్ధం. బొక్కెన సిద్ధం. నీళ్ళు రావడమే తరువాయి!"

"ఎప్పుడొస్తాయిరా?"

"అయ్యయ్యో, పాతకాలం మనిషిలా ఎప్పుడని అడుగుతారేమిటి స్వామీ?"

రాజు మీసాల కింద ఏదో కదిలింది. పండితుడు గొంతు పట్టుకుని గుండన వైపు తిరిగాడు. "నువ్వు లాగాలిగా మోట! లాగవేం?"

"మీరింకా విస్తరి ముందే కూర్చున్నారు. మిమ్మల్ని వదిలి కదిలితే గోష్ఠి మర్యాద ఏం కాను?"

"నీ మర్యాద మండ! ఆ ఎద్దుల్ని వెనక్కి తోలుకురండి! త్వరగా తోలుకురండి!"

సభలో తలలన్నీ పండితుడి వైపు తిరిగాయి. గుండన స్తంభం చాటునుంచి, పొద్దున ఎద్దులు తోడిన నీళ్ళచెంబు తీసి పండితుడి చేతికిచ్చాడు. ఆయన గటగటా తాగుతుంటే మళ్ళీ మెల్లగా నెత్తిమీద తట్టాడు.

"ఇందాక మిమ్మల్ని తలుచుకున్నదెవరో ఇప్పుడు తెలిసింది స్వామీ. ఆ ఎద్దులే!"

మైలారరాజు నవ్విన నవ్వుకు కిరీటం చెవిమీదికి జారింది. ఎద్దుల్ని వెనక్కి రప్పించాడు, కొట్టం వాటికే ఉంచాడు. పండితుడికి కప్పాలని వెండిపళ్ళెంలో పెట్టించిన పట్టుశాలువా తీసి, తన చేత్తో గుండన భుజాల మీద కప్పాడు. కాడి ఎక్కవలసిన మెడమీద పట్టు మెత్తగా తగిలేసరికి గుండనకు ఊపిరి తిరిగొచ్చింది.

పండితుడు ముక్కు తుడుచుకుంటూ గొణిగాడు. "ప్రభూ, మరి నా శాలువా?"

రాజు ఖాళీ పళ్ళెం ఎత్తి చూపించాడు.

"ఆలోచన సిద్ధం. పళ్ళెం సిద్ధం. శాలువా రావడమే తరువాయి!"