చిట్టబ్బాయి తినని తిండి

అనగనగా, ఊరి పేరడక్కు నాకూ గుర్తులేదు, గోదారికి దగ్గర్లో ఒక ఊళ్ళో చిట్టబ్బాయి అని ఒక దర్జీ ఉండేవాడు. ఆయన పెళ్ళాం నాగరత్నం. చిట్టబ్బాయి మంచివాడే, పనిమంతుడే, అబద్ధమాడే మనిషి కాదు. అయినా ఆయనతో నాగరత్నం పడ్డ విసుగు అంతా ఇంతా కాదమ్మా.

ఒకసారి చిట్టబ్బాయి కాలి బొటనవేలికి పుండు పడింది. ఎన్ని పూతలు పూసినా మానలేదు. అప్పుడు మొగుడూ పెళ్ళాం ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, షుగరుందని చెప్పింది. అది దిగకపోతే పుండు మానదట, ముదిరితే వేలు తీసెయ్యాలట. మిషను తొక్కే కాలాయె, వేలు పోతే కుట్టుపని ఎలాగని చిట్టబ్బాయి బెంగపెట్టుకున్నాడు. డాక్టరమ్మ మాత్రలిచ్చి, అన్నం తగ్గించమంది.

ఆ రాత్రి నుంచి చిట్టబ్బాయి రాత్రిపూట అన్నం ముట్టలేదు. ఎంత బుద్ధిమంతుడో చూడు. అన్నం బదులు పెసరట్లు వేయించుకున్నాడు, మధ్యలో ఉప్మా పెట్టించుకుని మరీ. ఇదేంటండీ అని నాగరత్నం అడిగితే, ఇది ఫలారం, భోజనం కాదుగా అన్నాడు. నువ్వు డబ్బాడు బిస్కెట్లు తిని, అమ్మ అడిగితే ఏమీ తినలేదంటావే, అలాగన్నమాట. శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్ళు రాత్రికి ఫలారమే చేస్తారు, వాళ్ళు తిన్నట్టా ఉపవాసమున్నట్టా అని ఎదురడిగాడు. నాగరత్నం ఒళ్ళు మండినా ఇంకో అట్టు వేసింది. శనివారాలు తనూ అంతే మరి.

ఆ తర్వాత మళ్ళీ వెళ్ళారు. షుగరు దిగలేదు. తీపి బొత్తిగా మానమంది డాక్టరమ్మ. చిట్టబ్బాయి కాఫీలో పంచదార మానేశాడు. గుళ్ళో చక్కెరపొంగలి పెడితే మాత్రం దొన్నె నాకి మరీ వచ్చాడు. ప్రసాదం తీపి కింద రాదట.

ఆ తర్వాత మూడోసారి వెళ్ళారు. కూరగాయలు ఎక్కువ తినమంది. అప్పుడేం చేశాడనుకున్నావు? సాయంత్రమయ్యేసరికి బండి దగ్గర నిలబడి వంకాయ బజ్జీలు, అరటికాయ బజ్జీలు తిన్నాడు. కూరగాయలే కదా అన్నాడు. నాగరత్నం నెత్తి కొట్టుకుంది.

పుండు నల్లబడింది. ఈసారి డాక్టరమ్మకీ విసుగొచ్చింది. అసలు రోజూ ఏం తింటున్నారని నిలదీసింది. మధ్యాహ్నం గరిటెడన్నం, అంతకుమించి ఏమీ లేదని చిట్టబ్బాయి చెప్పాడు. నిజమనే నమ్మి చెప్పాడు, అదీ చోద్యం. ఇక ఒక్కసారే చూస్తాను, అప్పటికీ తగ్గకపోతే వేలు తీయించడానికి పెద్దాసుపత్రికి పంపేస్తానని డాక్టరమ్మ తేల్చి చెప్పింది.

మర్నాడు నాగరత్నం పోట్లాడలేదు. మొగుడు ఏమడిగితే అది పెట్టింది. కానీ ఆయన నోట్లోకి ఏది వెళ్ళినా, సరిగ్గా అంతే తీసి పెద్ద పళ్ళెంలో పెట్టి మూత వేసింది. గుళ్ళో, బండి దగ్గర ఏం తిన్నాడో కనుక్కుని అవీ తెప్పించింది. రాత్రి పెసరట్లయ్యాక పళ్ళెం తెచ్చి ఆయన ముందు పెట్టి మూత తీసింది. ఇడ్లీలు, అన్నం, చక్కెరపొంగలి, బజ్జీలు, పెసరట్లు, ఉప్మా.

చిట్టబ్బాయి తెల్లబోయాడు. "ఎవరొస్తున్నారే, ఇంత తిండి పెట్టావు?"

"ఎవరూ రావట్లేదు. పొద్దుట్నుంచీ మీరు తినలేదన్నది ఇదే."

ఫలారమని అనబోయి చిట్టబ్బాయి పళ్ళెం వంక చూశాడు. ఒక్కొక్కటీ వేలితో లెక్కపెట్టుకున్నాడు. అప్పుడు నాగరత్నానికి ఏడుపు ఆగలేదు.

"వేలు పోతే మిషను తొక్కలేనని మీ బెంగ. మీరే పోతే నేనెవరి మీద విసుక్కోవాలండీ?"

చిట్టబ్బాయి పళ్ళెం పక్కకి జరిపి, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయన నోట్లోకి వెళ్ళిందల్లా తిండి లెక్కలోకే వచ్చింది, డాక్టరమ్మ చెప్పినంతే తిన్నాడు. పుండు మెల్లగా ఎండింది, వేలు నిలిచింది. నాగరత్నం మాత్రం విసుక్కోవడం మానలేదు. ఎందుకు మానుతుంది, మనిషి ఎదురుగా ఉన్నాడుగా.

కథ నడిచింది కంచికి,
పళ్ళెం వెళ్ళింది వంటింటికి,
నువ్వూ నేనూ నిద్దరింటికి.