పరదేశికి పట్టిన బ్లాగు

చింతలగరువులో వీరభోగంగారింట్లో తెలివి ఎక్కువై పొంగిపోతోందని ఎవరు చెప్పారంటే, వీరభోగంగారే చెప్పారు. ఆయన భార్య మాణిక్యాంబ ఔనంది. బావమరిది తాతబ్బాయి రెండుసార్లు ఔనన్నాడు. ముగ్గురు చెప్పాక అబద్ధమెలా అవుతుంది? ఇంత తెలివి ఒక్క ఊళ్ళోనే ఉంచుకోవడం పాపమని ఫోనులో బ్లాగు తెరిచి లోకానికి పంచడం మొదలెట్టారు. 'గొడుగుంటే తడవరు, కానీ విప్పాలి' అని మొదటిరోజు రాశారు. 'అన్నం తినేముందు నోరు తెరవండి' అని మర్నాడు. అలా నెల గడిచినా ఆ బ్లాగు వైపు కాకి కూడా తొంగిచూడలేదు.

వీరభోగంగారికి రోషం వచ్చింది. టీకొట్టు దగ్గర నిలబడి, "వచ్చే అమావాస్య నాటికి నన్ను రోజూ చదివేవాడు ఒక్కడైనా దొరక్కపోతే, ఈ జన్మలో ఎవరికీ సలహా చెప్పను!" అని ఒట్టు పెట్టుకున్నారు. అమావాస్య తొందరగా రావాలని ఊరంతా దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఆయనకి మాత్రం ముద్ద దిగలేదు. సలహా చెప్పకుండా బతకడం ఆయన వల్ల అయ్యే పనా!

మేనకోడలు హైమ రాజమండ్రిలో ఉంటుంది. దాని బ్లాగుకి బోలెడంతమంది చదువరులు. దానికి ఫోన్ చేశారు.

"చూడు మావయ్యా, చదివేవాళ్ళు నీ దగ్గరికి రారు. వాళ్ళెక్కడుంటే అక్కడికి నువ్వే వెళ్ళాలి. వాళ్ళేమన్నా వెంటనే బదులివ్వాలి. మొదలెట్టినవాళ్ళు మధ్యలో వదిలేసి పోకుండా చూసుకోవాలి. అంతే!" అంది హైమ.

"ఓస్, ఇంతేనా!" అన్నారు ముగ్గురూ.

అనుకున్నారో లేదో, బ్లాగు కింద ఒక మాట కనబడింది. 'చాలా బాగుంది. ఇట్లు పరదేశి, సైకిల్ షాపు, కొత్తమెరక.'

ఇంకేముంది! ఇల్లంతా పండగే. మాణిక్యాంబ ఫోనుకి బొట్టు పెట్టి హారతిచ్చింది.

"చదువరి కొత్తమెరకలో ఉన్నాడు. మనమిక్కడున్నాం. ఎంత తప్పు!" అన్నారు వీరభోగంగారు. అంతే, పరుపులు చుట్టారు, ఇంటికి తాళం వేశారు, బస్సెక్కారు.

పరదేశి పాపం చక్రానికి గాలి కొట్టుకుంటున్నాడు. తలెత్తి చూసేసరికి ముగ్గురు మనుషులు, మూడు పరుపులు.

"ఎవరండీ మీరు?"

"వెంటనే బదులివ్వాలి! మేమండీ!" అన్నాడు తాతబ్బాయి.

"మేమంటే?"

"మేమంటే మేమేనండీ!" అంది మాణిక్యాంబ.

"ఇదేం గోలండీ బాబూ!"

"గోల కాదండీ, బదులు!" అన్నారు వీరభోగంగారు.

పరదేశి దగ్గితే బదులిచ్చారు, తుమ్మితే బదులిచ్చారు. లోపల్నుంచి ఆయన భార్య "ఏమయ్యో, పప్పులో ఉప్పెయ్యమంటావా?" అనడిగింది. ముగ్గురూ ఒక్కసారి "వెయ్యండమ్మా!" అన్నారు. ఆవిడ మూడుసార్లు వేసింది. ఆ పూట పప్పు కుక్క కూడా ముట్టలేదు.

మధ్యాహ్నం వీరభోగంగారు ఫోను తీసి పరదేశి ముక్కు ముందు పెట్టారు. "నిద్రపోవడం ఎలా అని రాశాను, చదవండి" అన్నారు. పరదేశి వీళ్ళని వదిలించుకోవచ్చని చదవబోయాడు. రెండు వాక్యాలకే కునుకు పట్టేసింది. మరి అంత బాగా రాశారు.

"అయ్యయ్యో, మధ్యలో వదిలేసి పోతున్నాడు బావా!" అని తాతబ్బాయి గగ్గోలు పెట్టాడు. అంతే, గబగబా సైకిల్ ట్యూబులు తెచ్చి పరదేశిని కుర్చీకి కట్టేశారు. మాణిక్యాంబ వెనకనుంచి రెండు వేళ్ళతో ఆయన కనురెప్పలు ఎత్తి పట్టుకుంది. "చదువు నాయనా, అయిపోవచ్చింది, ఇంకా ఎంత, ముప్పావు వంతే!" అని బుజ్జగించింది. పంచరు వేయించుకోడానికి వచ్చినవాళ్ళని తాతబ్బాయి పంపు పుచ్చుకుని తరిమేశాడు.

పరదేశి పెట్టిన కేకలకి వీధి వీధంతా కదిలొచ్చింది. వెనకాలే పోలీసులూ వచ్చారు. నలుగుర్నీ జీపెక్కించి స్టేషనుకి తీసుకుపోయారు.

"రేపే అమావాస్యండీ! ఆ ఒక్కణ్ణీ నాకొదిలెయ్యండి. నన్ను చదివేది ఈ లోకంలో ఆయనొక్కడే!" అని వీరభోగంగారు ఎస్సై ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

పరదేశి లేచి నిలబడ్డాడు. "చదవలేదండీ! ఒట్టు! వీళ్ళొచ్చేదాకా ఒక్క ముక్క చదవలేదు. పొద్దున్నే లేచి కనబడ్డవాటన్నిటి కిందా బాగుంది బాగుంది అని పెట్టుకుంటూ పోతానండీ. వాళ్ళు తిరిగి నా షాపు ఫొటోల కింద బాగుందంటారని. అందరూ చేసే పనే కదండీ! ఇకమీదట క్యాలెండర్ కూడా చదవను, నన్నొదిలెయ్యండి!" అన్నాడు.

వీరభోగంగారి మొహం మాడిపోయింది. నెల్లాళ్ళుగా లోకానికి పంచిన తెలివి మొత్తం గాలికే పోయింది కదా! ఎస్సై మాత్రం ఫోను లాక్కుని, కేసుకి పనికొస్తుందేమోనని, గొడుగు దగ్గర్నుంచి నిద్రదాకా ఒక్కటి వదలకుండా చదివాడు. మధ్యమధ్య నుదురు కొట్టుకున్నాడు కూడా.

"బావా, చదువుతున్నాడు! మొదట్నుంచి చివరిదాకా!" అన్నాడు తాతబ్బాయి.

"ఈ వెర్రిబాగులవాళ్ళ మీద కేసెందుకు, పొండి!" అని ఎస్సై ఫోను చేతికిచ్చేశాడు.

వీరభోగంగారు కదల్లేదు. "అయ్యా, రేపు కూడా చదువుతారా?"

"నాకేం పని లేదా? మేం చదివేది కేసుంటేనే. దొంగతనమో దోపిడీయో జరిగితే, అప్పుడు అక్షరం అక్షరం చదువుతాం. నడవండి!"

అంతే! ముగ్గురూ ఎగురుకుంటూ బయటికొచ్చారు. ఇంక కావలసింది ఒక్క దొంగతనం. పరాయి సొత్తు ముట్టుకుంటే పాపం, కనక మనదే దొంగిలిద్దామంది మాణిక్యాంబ. చవకరకం వస్తువు పోతే పోలీసులు పట్టించుకోరు, కనక ఖరీదైనదే పోవాలన్నాడు తాతబ్బాయి. ఇంట్లోకెల్లా ఖరీదైంది ఫోనే. వీరభోగంగారు అటు తిరిగి ఈల వేస్తూ నిలబడ్డారు. తాతబ్బాయి ఆయన జేబులోంచి ఫోను కొట్టేసి పక్కనున్న పంటకాలవలోకి విసిరేశాడు.

"దొంగా! దొంగా!" అని ముచ్చటగా అరిచి, వీరభోగంగారు చేతులు దులుపుకున్నారు. "ఇంక చూస్కోండి, స్టేషను స్టేషనంతా మన చదువరులే. ఈ దొంగతనం గురించి ఇప్పుడే బ్లాగులో రాసెయ్యాలి. ఏదీ, ఫోనిలా అందించు."

ఇంకేముంది, ముగ్గురూ కాలవలోకి దిగారు. బురదంతా దేవారు. పీకలదాకా తడిశారు. ఆఖరికి తాతబ్బాయి, "దొరికింది బావా!" అని నీళ్ళు కారుతున్న ఫోను పైకెత్తాడు.

వీరభోగంగారు గుండెలు బాదుకున్నారు. "ఓరి తెలివితక్కువవాడా! పోయిన సొత్తు దొరికిపోతే ఇంక కేసెక్కడిదిరా? ఎస్సైగారు చూడకముందే విసిరెయ్! అక్కడ కాదు, ఇంకా లోతుకి!"