తేలిక తూటా, బరువు తూటా

దిలావర్‌కు ఆ పూట అన్నం సయించలేదు. పొద్దున్నే జొన్నచేలో మేస్తున్న దుప్పిని కొట్టాడు. తూటా తగిలింది. కానీ దుప్పి పడలేదు. నెత్తురు కారుస్తూ అడవిలోకి పోయింది.

"తేలిక తూటా వాడితే అంతే," అన్నాడు తోటి వేటగాడు మల్హర్‌రావు. "తోలు కిందే పగిలిపోతుంది. బరువుది వాడు, లోపలికంటా దిగుతుంది."

"బరువుది దూరం పోయేసరికి కిందికి వాలిపోతుంది. తేలికదైతే తిన్నగా పోతుంది," అన్నాడు దిలావర్.

మాటా మాటా పెరిగింది. ఎవరూ తగ్గలేదు. చివరికి దిలావర్ రైఫిల్ భుజాన వేసుకుని, రెండు రకాల తూటాలూ పట్టుకుని, గుట్ట మీదున్న తన గురువు కమాల్ బాబా దగ్గరికి వెళ్లాడు. ఫకీరు కాకముందు బాబా సిపాయిగా పనిచేశాడు. తుపాకుల సంగతి ఆయనకు తెలుసు.

బాబా మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. దిలావర్ పొద్దున జరిగింది చెప్పి, తూటాలు ఆయన అరచేతిలో పెట్టాడు.

"బాబా, దుప్పి బాధపడకుండా పోవాలంటే ఏది మంచిది?"

బాబా వాటిని కాసేపు చూసి తిరిగి ఇచ్చేశాడు.

"అది ఎటు పోయింది?"

"వాగు వైపు."

"పద," అన్నాడు బాబా, నీళ్లచెంబు చేతికి తీసుకుంటూ.

నెత్తుటి చుక్కలు పట్టుకుని నడిచారు. వెదురు పొద కింద కనిపించింది. ఇంకా ఈడు రాని ఆడ దుప్పి. వెనక తొడ చీలింది. మనుషుల్ని చూసి లేవబోయి, మళ్లీ కూలబడింది.

దిలావర్ రైఫిల్ ఎత్తాడు.

"పక్కకు తప్పుకోండి బాబా. బరువు తూటా ఎక్కించాను. ఒక్కటి చాలు."

బాబా తప్పుకోలేదు. దాని పక్కనే చతికిలబడి, తల ఒళ్లోకి తీసుకున్నాడు. తలపాగా చింపి గాయం కడిగాడు. ఆకుపసరు పిండి కట్టు కట్టాడు. దుప్పి కాసేపు గింజుకుని, అలిసిపోయి ఊరుకుంది.

"దిలావర్, ఇలా రా. నా మోకాళ్లు పట్టేశాయి. కాసేపు నువ్వు పట్టుకో."

దిలావర్ తూటా తీసేసి, రైఫిల్ చెట్టుకు ఆనించి వచ్చి కూర్చున్నాడు. ఎన్నో దుప్పుల్ని కొట్టాడు గానీ, ప్రాణమున్న దుప్పిని ముట్టుకోవడం అతనికి అదే మొదలు. చెవి వెచ్చగా ఉంది. దాని గుండె దడదడ అతని మోకాలికి తెలుస్తోంది. దోసిట్లో నీళ్లు పట్టాడు. అది వాసన చూసింది. కాస్త ఆగి నాకింది. నాలుక గరుకుగా తగిలింది. దిలావర్ తల తిప్పుకున్నాడు.

ఎండ వాలింది. దుప్పి ఊపిరి నెమ్మదించి, నిలకడగా ఆడుతోంది. కళ్లు మూతలు పడ్డాయి. దిలావర్ దాని మెడ మీద వాలే ఈగల్ని తోలుతూనే ఉన్నాడు.

బాబా లేచి నడుం సవరించుకున్నాడు.

"కాలు తిమ్మిరెక్కలేదూ?" అన్నాడు గట్టిగా.

"ఎక్కింది బాబా."

"మరి కదుపు."

దిలావర్ తల అడ్డంగా ఊపాడు.

"మెల్లిగా మాట్లాడండి బాబా," అన్నాడు గుసగుసగా. "ఇప్పుడే నిద్రపోయింది."