అచ్చియ్యమ్మ ముక్కు

అనగనగా కాలవ గట్టునున్న ఒక ఊళ్ళో అచ్చియ్యమ్మ అని ఒక వంటావిడ ఉండేది. ఒంటి మనిషి. పులుసులో ఉప్పు చాలలేదని వాసన చూసే చెప్పేసేది. అంత ముక్కు ఆవిడది. అందుకని కాస్త గీర కూడాను. అంత వంట వచ్చిన మనిషికి ఆ మాత్రం ఉండొద్దూ మరి.

అప్పుడు ఊరి మీదికి ఒక మాయదారి జబ్బు వచ్చిపడింది. దగ్గినా అంటుకునేది, తుమ్మినా అంటుకునేది. ముసలివాళ్ళని గడప దాటొద్దన్నారు. మరి దిక్కులేని ముసలివాళ్ళకి వండిపెట్టేదెవరు? "నేనున్నానుగా," అంది అచ్చియ్యమ్మ. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, మూతికి గుడ్డ కట్టుకుని, రోజూ పన్నెండు క్యారియర్లు సర్ది పంపేది.

ఒకరోజు పొద్దున్నే పప్పుకి తిరగమోత పెట్టింది. ఇంగువ వాసన రాలేదు. అప్పుడు కరివేపాకు నలిపి చూసింది. రాలేదు. ఆ తర్వాత కాఫీపొడి డబ్బాలో ముక్కు దూర్చింది. అదీ లేదు. ఆ జబ్బు కొందరికి ముందు ముక్కునే పట్టుకుంటుందని ఆవిడ విని ఉంది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే పన్నెండుమందికి పస్తు. ఆవిడ గరిటె కింద పెట్టేసి, కిటికీలోంచి పక్కింటి దర్జీ వీర్రాజుని కేకేసింది.

"తమ్ముడూ, దగ్గరికి రాకు. నాకు జబ్బొచ్చింది. నా వంట ఎవరూ తినకూడదు. మీ పెరట్లో నువ్వే వండాలి."

"నాకు టీ కాచడం కూడా రాదక్కా."

"నేను చెప్తాగా. ముందు చేతులు కడుక్కో. మా గిన్నెలు ముట్టుకోకు."

అలా కిటికీ దగ్గర కూర్చుని చెవులతో వండించింది. ఆవాలు చిటపటమంటే ఇంగువ వెయ్యమనేది. పప్పు కుతకుతమంటే మంట తగ్గించమనేది. మొదటిరోజు ఉప్పు ఎక్కువైంది. రెండోరోజు అన్నం ముద్దయింది. మూడోరోజు ముసలివాళ్ళు వంక పెట్టకుండా తిన్నారు.

ఆ తర్వాత జబ్బు తగ్గింది, ముక్కు మాత్రం రాలేదు. ఇంక రాదేమోనని దిండులో మొహం పెట్టుకుని ఏడ్చింది, పాపం.

పదిహేనో రోజు పొద్దున్న అచ్చియ్యమ్మ ఉన్నట్టుండి లేచి కూర్చుంది. "వీర్రాజూ, పప్పు మాడుతోందిరా!"

వీర్రాజు కుట్టుమిషను వదిలి పరిగెత్తాడు. గిన్నె నల్లగా మాడిపోయింది. "తప్పైపోయిందక్కా," అన్నాడు.

"మాడితే మాడనీ తమ్ముడూ. నాకు వాసనొచ్చింది," అంది అచ్చియ్యమ్మ, నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ.

ఏదీ కన్నా, నీ చెయ్యి ఇలా తే. సబ్బు వాసనేనా? ఊఁ, అయితే పడుకో.

కథేమో కంచికి, క్యారియరు ఇంటికి,
కడిగిన చెయ్యి బుగ్గ కిందికి,
కమ్మని నిద్దర నీ కంటికి.